నాకౌట్ చదరంగంలో సంచలనాలు

ఓడినవారు అక్కడితో ఇంటిముఖం పట్టే పోటీని నాకౌట్ అంటారు. అందులో గెలుస్తారనుకున్న పైసీడును కిందిసీడు ఓడిస్తే అది సంచలనం; సీడంటే బలాన్ని బట్టి ముందే ఇచ్చే వరస సంఖ్య. తెలుగు పత్రికల ఆటల పేజీ ఈ మాటను ధారాళంగా వాడుతుంది; నిజంగా సంచలనమైనవాటినీ కానివాటినీ ఒకే గాటన కట్టేస్తుంది. ఈ వ్యాసం ఎక్కువగా ప్రపంచ మహిళల చదరంగ నాకౌట్ పోటీల గురించి. హంసలదీవి, పాలకాయతిప్పల దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు మొదలు మచిలీపట్నం మీదుగా గుడివాడ దాకా పరుచుకున్న దిగువ డెల్టాకు ఈ ఆటలో ప్రపంచస్థాయి పేరు తెచ్చింది గుడివాడలో పుట్టిన కోనేరు హంపి. ఆమె నాకౌట్ చరిత్రకు ఇరవై ఏళ్ళు దాటాయి. సంచలనాల కథను లోకం ఎప్పుడూ పడగొట్టినవారి వైపు నుంచే చెబుతుంది. గుడివాడ అరుగు మీద కూర్చుని వింటే మాత్రం అది ఎక్కువసార్లు పడిపోయినవారి కథ.

పోటీ నడిచే తీరు

రెండు గేములు, ఒకసారి తెల్లపావులు, ఒకసారి నల్లపావులు. వీటిని క్లాసికల్ గేములంటారు. ఒక్కొక్కటి నాలుగైదు గంటలు సాగవచ్చు. స్కోరు సమమైతే మర్నాడు టైబ్రేక్. ముందు ఒక్కొక్కరికి 15 నిమిషాల గడియారంతో, ఎత్తుకు 10 సెకన్ల అదనంతో రెండు ర్యాపిడ్ గేములు. అప్పటికీ తేలకపోతే 10 నిమిషాలవి రెండు, తర్వాత బ్లిట్జ్ అనే 5 నిమిషాలవి రెండు, ఆపైన ఎవరో ఒకరు గెలిచేదాకా 3 నిమిషాల గేములు. ఇది 2025లో వాడిన పద్ధతి. అంతకుముందు చాలా పోటీల్లో చివరి మెట్టు అర్మగెడాన్: తెల్లపావులకు సమయం ఎక్కువ ఇస్తారు గానీ డ్రా అయితే నల్లపావులు గెలిచినట్టే.

గట్టి ఆటగాడి బలం బయటపడాలంటే గేములు ఎక్కువ కావాలి. రెండే ఆడితే ఒక్క పొరపాటు చాలు. ఆటగాళ్ళ బలాన్ని అంకెల్లో కొలిచే ఎలో రేటింగు లెక్క ప్రకారం 100 పాయింట్ల తేడా ఉన్న ఇద్దరు తలపడితే పైవారికి సగటున నూటికి 64 వంతుల ఫలితం దక్కుతుంది. 200 తేడా ఉంటే 76. దీన్ని రౌండ్ల మీదకు తీసుకెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. ప్రతి మ్యాచ్‌లోనూ నాలుగింట మూడు వంతుల గెలుపు అవకాశం ఉన్న మేటి క్రీడాకారిణి 64 మంది పోటీలో ఆరు రౌండ్లూ దాటి కిరీటం పెట్టుకునే అవకాశం నూటికి 18 మాత్రమే. ఆ అవకాశాన్ని అయిదింట నాలుగు వంతులకు పెంచినా 26 దాటదు. అంటే టాప్ సీడు టైటిల్ గెలవకపోవడం సంచలనమే కాదు; గెలిస్తేనే విశేషం. ఆటల పేజీ శీర్షికలు ఈ చిన్న లెక్కను పట్టించుకోవు.

మన పులిజూదంలో మూడు పులులను పదిహేను మేకలు కట్టేస్తాయి. అరుగుల మీద గీత గీసి ఆడుకున్నవాళ్ళకు అందులో పులి కట్టుబడటం వింత కాదు, ఆట నియమమే అలా ఉంది. నాకౌట్ కూడా దాదాపు అలాంటిదే. ఇక్కడ పులి ఒకటే, దాని చుట్టూ ఒక్కో రౌండుకు ఒక్కో మేక వచ్చి కూర్చుంటుంది.

దీనికి పూర్తి భిన్నమైనది స్విస్ పద్ధతి. అందులో ఓడినా పోటీలోనే ఉంటారు. సమాన పాయింట్లున్నవారితో తర్వాతి రౌండు ఆడుతారు. హంపి కథలో ఈ తేడాకు చాలా బరువుంది.

ముప్పై ఏళ్ళ చరిత్ర

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడె ప్రపంచ టైటిల్‌ను భారీ నాకౌట్‌తో తేల్చడం 1997లో గ్రోనింగెన్‌లో మొదలుపెట్టింది. అక్కడ అందరినీ దాటుకుని వచ్చిన విశ్వనాథన్ ఆనంద్, అలసట తీరకముందే, విశ్రాంతిగా ఎదురుచూస్తున్న చాంపియన్ కార్పోవ్‌తో లొసాన్‌లో ఆడి ఓడాడు. 1999లో లాస్ వేగాస్‌లో 36వ సీడు ఖలీఫ్‌మన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2004లో ట్రిపోలీలో 28వ సీడు కాసింజనోవ్ వంతు వచ్చింది. అయితే 2000లో టాప్ సీడుగానే దిగిన ఆనంద్ గెలిచాడు కాబట్టి ఇదంతా ఒట్టి లాటరీ అనడమూ అన్యాయమే.

మహిళల నాకౌట్ 2000లో న్యూఢిల్లీలో మొదలైంది. షియె జున్ గెలిచింది. అప్పటి నుంచి 2018 దాకా ప్రపంచ మహిళల కిరీటం ఎక్కువసార్లు ఈ దారిలోనే చేతులు మారింది. మధ్యలో కొన్నిసార్లు ఇద్దరి మధ్య సుదీర్ఘ మ్యాచ్‌లు పెట్టారు. ఒక ఏడాది నాకౌట్, మరో ఏడాది మ్యాచ్ అన్న ఈ గందరగోళం నచ్చకే చైనా దిగ్గజం హౌ యిఫాన్ 2016లో ప్రపంచ టైటిల్ పోరు నుంచి తప్పుకుంది. ఇప్పుడు నాకౌట్‌కు ప్రపంచకప్ అని పేరు. గెలిచినవారికి కిరీటం రాదు, చాలెంజర్‌ను తేల్చే క్యాండిడేట్స్‌కు దారి దొరుకుతుంది. మహిళల తొలి ప్రపంచకప్ 2021లో సోచిలో జరిగింది. 14వ సీడు కోస్తెనియుక్ గెలిచింది.

గుడివాడ అమ్మాయి

హంపి 1987 మార్చి 31న గుడివాడలో పుట్టింది. తండ్రి కోనేరు అశోక్ రసాయనశాస్త్ర అధ్యాపకుడు, స్వయంగా మంచి చదరంగ ఆటగాడు. కూతురి ఆట చూసి ఉద్యోగం మానేసి శిక్షకుడయ్యాడు. చాంపియన్ అన్న మాటలోంచే ఆమెకు ఆ పేరు పెట్టాడని కుటుంబం చెప్పే కథ. పదేళ్ళలోపు, పన్నెండేళ్ళలోపు, పద్నాలుగేళ్ళలోపు బాలికల ప్రపంచ టైటిళ్ళు, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ వరసగా వచ్చాయి. 2002లో 15 ఏళ్ళ 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. మహిళల్లో అప్పటికి అంత చిన్నవయసులో ఆ హోదా పొందినవారు లేరు. జుడిత్ పోల్గర్ రికార్డును మూడు నెలల తేడాతో చెరిపేసింది. 2007లో 2600 రేటింగు దాటింది. అంతకుముందు ఆ గీత దాటిన మహిళ పోల్గర్ ఒక్కతే.

ఇంత ఎత్తున ఉన్న మనిషి నాకౌట్‌లోకి అడుగుపెడితే అందరి గురీ ఆమె మీదే ఉంటుంది. 2004లో ఎలిస్తాలో పదిహేడేళ్ళ వయసులో సెమీఫైనల్ దాకా వెళ్ళి రష్యాకు చెందిన కొవలెవ్‌స్కయా చేతిలో ఓడింది. 2008లో నాల్చిక్‌లో మళ్ళీ సెమీస్. ఎదురుగా కూర్చున్నది పద్నాలుగేళ్ళ హౌ యిఫాన్. ఆ మ్యాచ్ హౌ గెలిచింది. పిన్నవయసు గ్రాండ్‌మాస్టర్‌గా హంపి పేరున ఉన్న రికార్డు కూడా అదే ఏడాది హౌ చేతికి వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత టర్కీలోని అంతాక్యాలో మూడోసారి సెమీస్, మళ్ళీ హౌ యిఫానే. ఈసారి ఆ పదహారేళ్ళ పిల్ల టైటిల్ కూడా ఎత్తుకుపోయింది. 2011లో టిరానాలో ఇద్దరి మధ్య ప్రపంచ టైటిల్ మ్యాచ్ జరిగినప్పుడు హంపి ఒక్క గేమూ గెలవలేకపోయింది, 5.5–2.5తో హౌ నిలబెట్టుకుంది. టిరానాను సంచలనం అనలేం. అప్పటికే బలాబలాలు తారుమారయ్యాయి.

సంచలనం అన్న మాటకు నిజంగా తగినది 2012 ఖాంతీ మాన్సిస్క్. సైబీరియా చలిలో, రెండో రౌండులోనే టాప్ సీడు హౌ యిఫాన్ పోలెండ్‌కు చెందిన మోనికా సోచ్కో చేతిలోనూ, రెండో సీడు హంపి ఉక్రెయిన్‌కు చెందిన నటాలియా జుకోవా చేతిలోనూ ఓడి సామాను సర్దుకున్నారు. పట్టికలో పైన ఇద్దరూ లేకుండా పోయాక మిగిలిన దారి నడిచి టైటిల్ అందుకున్నది 30వ సీడు అన్నా ఉషెనినా.

2015లో సోచిలో హౌ యిఫాన్ ఆడలేదు. టాప్ సీడు హంపే. దారి తెరుచుకుందనే అందరూ అనుకున్నారు. క్వార్టర్ ఫైనల్లో ఎనిమిదో సీడు, ఉక్రెయిన్ అమ్మాయి మారియా ముజిచుక్ ఆమెను ఆపింది. అదే మారియా సెమీస్‌లో గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారికనూ ఓడించి, ఫైనల్లో 31వ సీడు నటాలియా పొగోనినా మీద గెలిచి చాంపియన్ అయింది. ఒకే పోటీలో ఇద్దరు తెలుగు క్రీడాకారిణులను దాటి టైటిల్ గెలిచిన ఈ తీరు పదేళ్ళ తర్వాత మళ్ళీ కనిపిస్తుంది.

హారిక రికార్డు మరీ గుండె బరువెక్కిస్తుంది. 2012, 2015, 2017: మూడుసార్లు సెమీఫైనల్, మూడు కంచు పతకాలు. 2012లో స్టెఫనోవా, 2015లో మారియా, 2017 టెహ్రాన్‌లో తాన్ ఝోంగ్‌యి ఆమెను ఆపారు. టెహ్రాన్‌లో క్లాసికల్, ర్యాపిడ్, బ్లిట్జ్ అన్నీ సమమై, చివరికి అర్మగెడాన్ దాకా సాగిన మ్యాచ్ అది. ఒక్క గేము తేడాతో తాన్ ఫైనల్‌కు, అక్కడి నుంచి కిరీటానికి వెళ్ళింది. హంపి మూడు సెమీస్‌లు, హారిక మూడు సెమీస్‌లు కలిపితే ఆరు. ఆరింటా ఓటమే. కృష్ణకు ఒకవైపు గుడివాడ, మరోవైపు గుంటూరు. నదికి రెండు గట్లూ సమానంగానే నష్టపోయాయి.

2017లో కూతురు పుట్టడంతో హంపి దాదాపు రెండేళ్ళు ఆటకు దూరంగా ఉంది. 2018 నవంబరులో ఖాంతీ మాన్సిస్క్‌కే తిరిగివచ్చి మళ్ళీ రెండో రౌండులో ఓడింది. ఆ ఊరికీ ఆమెకూ పడదు.

ఓడినా ఇంటికి పంపని పోటీ

పడిలేచిన మనిషికి చోటున్న పోటీల్లో హంపి రెండుసార్లు ప్రపంచ విజేత. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్. పన్నెండు రౌండ్ల స్విస్ ముగిసేసరికి హంపి, చైనాకు చెందిన లెయ్ టింగ్‌జియె, టర్కీకి చెందిన ఎకతెరీనా అతాలిక్ సమానంగా నిలిచారు. టైబ్రేక్‌లో లెయ్‌తో తొలి బ్లిట్జ్ ఓడి, రెండోది గెలిచి, అర్మగెడాన్‌లో నల్లపావులతో డ్రా చేసి హంపి కిరీటం పట్టింది. మొదటి స్థానంలో ఉంటానని తానే అనుకోలేదని ఆ తర్వాత చెప్పింది. నాకౌట్‌లో ఎప్పుడూ మొండిచెయ్యి చూపిన గడియారం ఆ ఒక్క పూట ఆమె పక్షాన ఉంది.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో రెండోసారి. పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు. అయితే ఆమె ఆ పోటీని మొదలుపెట్టింది ఓటమితో. తొలి రౌండులోనే పోయిన గేము అది. నాకౌట్ అయితే ఆ రాత్రే విమానాశ్రయం. స్విస్ కాబట్టి మిగతా పది రౌండ్లు దొరికాయి, వాటిలో ఒక్కటీ ఓడలేదు.

నా లెక్కలో హంపి రికార్డుకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం అక్కర్లేదు. పెద్ద మ్యాచ్‌లలో తడబడుతుందని చాలామంది అంటూ వచ్చారు. తడబాటుకంటే పోటీ ఆకారానిదే ఎక్కువ పాత్ర. కాకపోతే ఆమె, హారిక కలిపి ఆడిన ఆరు సెమీస్‌లలో ఒక్కటైనా గెలవకపోవడాన్ని పూర్తిగా లెక్కల మీదకు నెట్టేయడమూ కుదరదు; అవకాశాలు సమానమనుకున్నా వరసగా ఆరు ఓడటం 64లో ఒకసారి జరిగేది.

మిగతా ఆటలు

చదరంగంలో పడిపోయే వైపున ఉన్న తెలుగువారు బ్యాడ్మింటన్‌లో పడగొట్టే వైపున ఉన్నారు. 2001 ఆల్ ఇంగ్లండ్‌లో పుల్లెల గోపీచంద్ ఒలింపిక్ చాంపియన్ జి షిన్‌పెంగ్‌ను ప్రీక్వార్టర్స్‌లో, డెన్మార్క్ దిగ్గజం పీటర్ గేడ్‌ను సెమీస్‌లో, చెన్ హాంగ్‌ను 15–12, 15–6తో ఫైనల్లో ఓడించాడు. పదిహేడేళ్ళ పి.వి. సింధు 2012 చైనా మాస్టర్స్‌లో, లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి నెలరోజులు దాటిన లి షుయెరుయిని పడగొట్టింది. 2014లో గుంటూరులో పెరిగిన కిదాంబి శ్రీకాంత్ చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను అతని సొంత గడ్డ మీద 21–19, 21–17తో ఓడించాడు. 2022 థామస్ కప్‌లో అంతకుముందు ఒక్కసారీ ఫైనల్ చేరని భారత జట్టు, పద్నాలుగుసార్లు విజేత ఇండోనేసియాను ఫైనల్లో 3–0తో ఓడించింది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ రెండో మ్యాచ్‌ను, శ్రీకాంత్ మూడో మ్యాచ్‌ను ముగించారు.

ఈ తేడాకు కారణం వెతకడానికి దూరం వెళ్ళక్కర్లేదు. బ్యాడ్మింటన్‌లో చైనా, ఇండోనేసియా, డెన్మార్క్ శిఖరం మీద ఉండగా మనవాళ్ళు కింది నుంచి ఎక్కారు. అడుగున ఉన్నవాడికే సంచలనం చేసే అవకాశం. హంపి పదిహేనేళ్ళకే శిఖరం ఎక్కి కూర్చుంది. పైకి వెళ్ళాక బ్యాడ్మింటన్‌లోనూ అదే జరుగుతుంది: 2021 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో శ్రీకాంత్‌ను ఓడించిన సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ సీడింగే లేనివాడు.

సంచలనాలు పండే మరో పొలం అమెరికా కళాశాలల ఐస్ హాకీ. పదహారు జట్లు, నాలుగు రౌండ్లు, ప్రతి రౌండుకూ ఒకే ఒక్క మ్యాచ్. ఒక గోల్‌కీపర్‌కు ఆ రాత్రి కలిసొస్తే చాలు. 2006లో హోలీ క్రాస్ అనే చిన్న కళాశాల, దిగ్గజం మిన్నెసోటాను అదనపు సమయంలో 4–3తో ఓడించింది. మన పిల్లలు ఎంఎస్ దరఖాస్తులు పెట్టే రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2010లో డెన్వర్‌నూ న్యూ హాంప్‌షైర్‌నూ దాటి చివరి నాలుగు జట్లలో నిలిచింది. 2013లో పదహారులో పదిహేనో స్థానంతో లోపలికి వచ్చిన యేల్, ఆ సీజన్‌లో తనను మూడుసార్లు ఓడించిన టాప్ సీడు క్విన్నిపియాక్‌ను ఫైనల్లో 4–0తో చిత్తుచేసి టైటిల్ గెలిచింది. ఏడు మ్యాచ్‌ల సిరీస్ పెట్టి ఉంటే యేల్ గెలిచేదా అన్న ప్రశ్నకు జవాబు లేదు. అసలు కళాశాల హాకీ అభిమానికి ఆ ప్రశ్నే రుచించదు.

పురుషుల నాకౌట్‌లో

తెలుగు పురుషుల్లో తొలి గ్రాండ్‌మాస్టర్, గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ రెండు దశాబ్దాలుగా ప్రపంచకప్ ఆడుతూనే ఉన్నాడు. వరంగల్ కుర్రాడు ఇరిగేసి అర్జున్ 2023లో బాకూలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళి, ప్రజ్ఞానంద చేతిలో తొమ్మిది గేముల పోరులో 5–4తో ఓడాడు. 2025 గోవా ప్రపంచకప్ అయితే సంచలనాల సంత. 206 మంది బరిలో దిగారు. టాప్ సీడు, ప్రపంచ చాంపియన్, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ మూడో రౌండులోనే జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ స్వాన్ చేతిలో ఓడాడు. అర్జున్ రెండుసార్ల ప్రపంచకప్ విజేత ఆరోనియన్‌ను దాటి, క్వార్టర్స్‌లో వెయ్ యి దగ్గర టైబ్రేక్‌లో ఆగిపోయాడు. చివరికి కప్పు ఎత్తింది 16వ సీడు, పంతొమ్మిదేళ్ళ ఉజ్బెక్ ఆటగాడు సిందారోవ్.

బటూమి, 2025

జార్జియాలో నల్లసముద్రం ఒడ్డునున్న బటూమిలో 2025 జులైలో మూడో మహిళల ప్రపంచకప్ జరిగింది. 107 మంది. పైసీడులు మొదటి రౌండు ఆడనక్కర్లేదు. హంపి నాలుగో సీడు. నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ పదిహేనో సీడు.

నాలుగో రౌండులో దివ్య రెండో సీడు ఝు జినర్‌ను టైబ్రేక్‌లో ఓడించింది. పోటీలో నికార్సైన సంచలనం ఇదే. క్వార్టర్స్‌లో నలుగురు భారతీయులు: హంపి, హారిక, వైశాలి, దివ్య. హారిక, దివ్య ఒకరికొకరు ఎదురయ్యారు. పది నెలల ముందు బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత మహిళల జట్టు స్వర్ణం గెలిచినప్పుడు ఇద్దరూ ఒకే జట్టు; హారిక మొదటి బోర్డు మీద ఆడింది, దివ్య మూడో బోర్డు మీద. బటూమిలో రెండు క్లాసికల్ గేములూ డ్రా అయ్యాక, ర్యాపిడ్ రెండూ దివ్యే గెలిచింది. సెమీస్‌లో టైబ్రేక్ అవసరం లేకుండానే మాజీ ప్రపంచ చాంపియన్ తాన్ ఝోంగ్‌యిని ఇంటికి పంపింది. టెహ్రాన్‌లో హారికను ఆపిన తాన్ ఈమే.

రెండో సెమీస్‌లో హంపి ఎదుట లెయ్ టింగ్‌జియె, మాస్కోలో ఎదురైన ప్రత్యర్థే, ఇక్కడ టాప్ సీడు. క్లాసికల్ సమం. పదిహేను నిమిషాల గేములు సమం. పది నిమిషాల మొదటి గేములో హంపి ఓడింది. రెండో గేము తప్పక గెలవాలి, గెలిచింది. అయిదు నిమిషాల గేములు రెండూ గెలిచి 5–3తో ముగించింది. నాలుగో సీడు టాప్ సీడును ఓడించింది కాబట్టి కాగితం మీద ఇదీ సంచలనమే. ఇద్దరి రేటింగుల మధ్య తేడా పట్టుమని పది పాయింట్లు లేదు గనుక ఎవరూ ఆ మాట వాడలేదు, వాడకపోవడమే న్యాయం. ఆరు సెమీస్‌ల పరంపర తెగింది మాత్రం ఇక్కడే. ఏడో ప్రయత్నంలో, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, కృష్ణా డెల్టా నుంచి ఒకరు నాకౌట్ ఫైనల్ చేరారు. ఫైనల్ చేరిన ఇద్దరికీ క్యాండిడేట్స్ బెర్తు ముందే ఖాయమైంది.

ఫైనల్ రెండు క్లాసికల్ గేములూ డ్రా. జులై 28న టైబ్రేక్. మొదటి ర్యాపిడ్ డ్రా. రెండో గేము చివర్లో గడియారం తరుముతుండగా హంపి లెక్క తప్పింది. స్కోరు 2.5–1.5. దివ్య అక్కడే కన్నీళ్ళు ఆపుకోలేక తల్లిని వాటేసుకుంది.

ఇద్దరి రేటింగుల తేడా సుమారు 80 పాయింట్లు. లెక్క ప్రకారం హంపికి నూటికి 61 వంతులు, దివ్యకు 39. గోపీచంద్, హోలీ క్రాస్ గెలుపుల పక్కన పెట్టి చూస్తే ఇది మరీ పెద్ద తారుమారు కాదు. పెద్దదిగా అనిపించడానికి కారణం వయసు. హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన మూడేళ్ళకుగానీ దివ్య పుట్టలేదు. మచిలీపట్నం వారికి ఇందులో ఇంకో పితలాటకం కూడా ఉంది. తమ ఊరివాడని వాళ్ళు చెప్పుకునే క్రికెట్ దిగ్గజం సి.కె. నాయుడు పూర్వీకులు ఆ ఊరి నుంచి వెళ్ళి స్థిరపడింది నాగపూర్‌లోనే, ఆయన పుట్టిందీ అక్కడే. ఇప్పుడు అదే నాగపూర్ నుంచి వచ్చిన పిల్ల గుడివాడ మీద గెలిచింది.

పోటీ మొదలయ్యేనాటికి, గ్రాండ్‌మాస్టర్ హోదాకు కావలసిన నార్ముల్లో ఒక్కటి కూడా దివ్య చేతిలో లేదు. ప్రపంచకప్ విజేతకు నార్ములతో పనిలేకుండా నేరుగా ఆ హోదా ఇస్తారు. అలా ఆమె భారతదేశపు 88వ గ్రాండ్‌మాస్టర్ అయింది, మహిళల్లో నాలుగో ఆమె. ఆ వరసలో మొదటి పేరు హంపి, రెండోది హారిక. ఇద్దరినీ ఆమె ఒక్క వారంలో దాటింది.